పదకొండో తరగతి క్వార్టర్‌బ్యాక్: ఏ కోచ్ నుంచీ జవాబు రావట్లేదంటే

మీవాడు అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాడు. కాలేజీ జట్టులో చోటు కోసం కోచ్‌లకు ఆట వీడియోతో మెయిళ్లు పంపినా జవాబు లేదంటే, లోపం ఆ వీడియోలో కాకపోవచ్చు. మెయిల్ వెళ్లిన కాలేజీల్లో చాలావాటికి ఆ బ్యాచ్ క్వార్టర్‌బ్యాక్ ఇప్పటికే దొరికి ఉంటాడు. బంతి అందుకునే రిసీవర్లను ముగ్గురు నలుగుర్ని తీసుకుంటారు గానీ, క్వార్టర్‌బ్యాక్‌ని సాధారణంగా ఏడాదికి ఒక్కడినే.

1. ఒక్కో కాలేజీకి మీవాడు చేరే ఏడాదికి కమిట్ అయినవాళ్ల (చేరతామని మాటిచ్చినవాళ్ల) జాబితా చూడండి. అందులో క్వార్టర్‌బ్యాక్ ఉంటే ఆ కాలేజీని పక్కన పెట్టండి.

2. హెడ్ కోచ్‌కి కాదు, క్వార్టర్‌బ్యాక్స్ కోచ్‌కి రాయాలి. రాసేది అబ్బాయే, మీరు కాదు. సబ్జెక్ట్‌లోనే గ్రాడ్యుయేషన్ ఏడాది, ఎత్తు, బరువు, జీపీఏ (మార్కుల సగటు). కింద హడల్ (ఆట వీడియోలు పెట్టే సైట్) లింక్.

3. అందరూ వదిలేసేది ఇదే: బంతి విసరడం కళ్లారా చూడకుండా క్వార్టర్‌బ్యాక్‌కి ఆఫర్ ఇవ్వడానికి కోచ్‌లు వెనకాడతారు. అందుకే జూన్ క్యాంపులు ముఖ్యం. మీకొస్తున్న క్యాంప్ మెయిళ్లు చాలావరకు ఊరందరికీ పంపే ప్రకటనలే, వాటిని చూసి డబ్బు కట్టేయకండి. “ఈ బ్యాచ్‌కి ఇంకా క్వార్టర్‌బ్యాక్ కావాలా? క్యాంప్‌లో మీరే చూస్తారా?” అని ముందు కోచ్‌నే అడిగించండి. అవునన్న చోటికే వెళ్లండి.

4. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ) వాళ్ల ఎలిజిబిలిటీ సెంటర్‌లో, అంటే ఆడే అర్హత చూసేచోట, ఖాతా తెరవండి. డివిజన్ 1కి (కాలేజీ ఆటలో పై స్థాయి) 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కల్లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. వాటిలో పది కోర్సులు సీనియర్ ఏడాది (పన్నెండో తరగతి) మొదలయ్యేలోపే అయిపోవాలి.

మార్కులు బాగుంటే డివిజన్ 3 కాలేజీలకూ రాయించండి. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, కానీ చదువు మీద, ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం దొరుకుతుంది.