కప్పల మీద పరిశోధన చేస్తానంటున్న అమ్మాయి: కావలి నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం. నగరాల మధ్యలోనే కొత్త కప్ప జాతులు బయటపడుతున్నాయని ఎక్కడో చదివి, నీట్ వద్దు, ఆ పనే చేస్తానంటోంది. అది బతుకుతెరువు అవుతుందా?

జవాబు: అయ్యా, ముందుగా చెప్పవలసింది, మీ అమ్మాయి చదివింది నిజమే. న్యూయార్క్ నగరంలో భాగమైన స్టాటెన్ ఐలాండ్‌లో, చూడటానికి మామూలు చిరుత కప్పల్లాగే (ఒంటి మీద మచ్చలుండే కప్పలు) ఉన్న కొన్నింటి కూత వేరుగా ఉందని జెరెమీ ఫైన్‌బర్గ్ అనే పరిశోధకుడు గుర్తుపట్టారు. పక్క జాతుల కూత సాగదీసినట్టుంటే, వీటిది ఒక్కసారి దగ్గి ఆపినట్టు ఉంటుంది. వాటికి 2014లో రానా కాఫెల్డి అనే పేరు పెట్టారు. ఈ కప్పలది వేరే జాతి అని 1930లలోనే చెప్పి, ఎవరినీ ఒప్పించలేకపోయిన జంతుశాస్త్రవేత్త కార్ల్ కాఫెల్డ్ స్మృతికి ఆ పేరు గౌరవం. మన పక్క రాష్ట్రంలోనే మణిపాల్ నుంచి 2016లో, మంగళూరు నుంచి 2018లో చిన్న కప్పలూ, బెంగళూరు శివార్ల నుంచి 2020లో మట్టిలో దాగే కప్పా కొత్త జాతులుగా నమోదయ్యాయి.

అయితే కొత్తదనిపించడం వేరు, కొత్తదని నిరూపించడం వేరు; ఈ తేడా మీ అమ్మాయికి ఇప్పుడే తెలియాలి. కప్పను ముక్కు కొన నుంచి వెనుక దాకా మిల్లీమీటర్లలో కొలవాలి, కూతను రికార్డు చేసి గ్రాఫుగా పరిశీలించాలి, డీఎన్ఏలో 16ఎస్ వంటి జన్యువుల వరుసను దగ్గరి జాతులతో పోల్చాలి, వందేళ్ల నాటి వర్ణనలనూ మ్యూజియంలలో భద్రపరచిన నమూనాలనూ సరిచూడాలి. చివరికి ఒక నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ జాతి పేరుకు ప్రామాణికమైన నమూనాగా, మ్యూజియంలో ఉంచి, అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం వ్యాసం ప్రచురించాకే ఆ పేరు చెల్లుతుంది. ఇందులో అధిక భాగం ల్యాబులోనూ కంప్యూటరు ముందూ జరిగే ఓపిక పని కాబట్టి, గణాంకశాస్త్రమూ కొంత ప్రోగ్రామింగూ తప్పవు.

నీట్ మానిపించనక్కరలేదు, దాన్నే ఏకైక దారి చేయనూ వద్దు. తిరుపతి ఐసర్‌తో సహా ఐసర్‌ల (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థలు) ప్రవేశానికి రాసే ఐఏటీ పరీక్షలో జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలు నీట్‌కు చదివేవే. గణితం మాత్రం అదనం. బైపీసీ పిల్లలు ఇక్కడే వెనుకబడతారు కనుక ఈ సెలవుల్లోనే ఎవరి దగ్గరైనా గణితం మొదలుపెట్టించండి. ఐసర్ రాకపోతే జువాలజీలో డిగ్రీ చేసి, ఎస్వీ యూనివర్సిటీ వంటి చోట ఎమ్మెస్సీ చదవడం కూడా మంచి దారే. ఆపైన సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి. హైదరాబాద్, చెన్నైలలో కేంద్రాలున్న జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా, విశ్వవిద్యాలయాలు, పర్యావరణ ప్రభావ అంచనా సంస్థలు ఉద్యోగాలిస్తాయి. జాతులను గుర్తించి పేర్లు పెట్టే వర్గీకరణ శాస్త్రంలో ఖాళీలు తక్కువే. పీహెచ్‌డీ దాకా స్థిరమైన జీతం ఉండదని మీరు ముందే సిద్ధపడాలి. ఆర్థికంగా అంతకాలం ఆగలేని కుటుంబమైతే, డిగ్రీతో పాటు బీఈడీని చేతిలో ఉంచుకోమంటాను.

ఇప్పుడు చేయగలిగినది ఒకటుంది. మన నెల్లూరు జిల్లాకు ప్రధానమైన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తొలి వాన పడిన రాత్రి ఖాళీ స్థలాల్లోని నీటి గుంటల దగ్గర కప్పలు గుంపుగా అరుస్తాయి. ఆ కూతలను ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, సమయం, చోటు, ఉష్ణోగ్రత ఒక నోటుపుస్తకంలో రాసుకోమనండి. ముందుగా మన ఊరి మామూలు కప్పలన్నింటినీ కూతను బట్టే పోల్చుకోగలగాలి. తెలిసినవి బాగా తెలిసినవారికే తెలియనిది కనపడుతుంది. కప్పలను పట్టి సీసాల్లో వేయవద్దు. నమూనాలు సేకరించడం తగిన అనుమతులతో, పరిశోధకుల ఆధ్వర్యంలోనే జరగాలి. ఆ గుంటల దగ్గర పాములూ తిరుగుతాయి కాబట్టి, బూట్లు తొడిగించి, టార్చిలైటు పట్టుకుని మీరు కూడా వెంట వెళ్లండి.