సింగరేణి, సోలార్ లెక్కలకు ఆర్టీఐ ఎవరికి వేయాలి?

బొగ్గు, సోలార్ వివరాలు ఒకే ఆర్టీఐలో అడిగి సచివాలయంలో ఇచ్చానన్నారు కదా బ్రదర్, ముందు దాన్ని విడగొట్టండి. సింగరేణి బొగ్గు సంస్థలో తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ఉత్పత్తి, అమ్మకాల లెక్కలు నేరుగా ఆ సంస్థ పీఐవోనే (సమాచార అధికారినే) అడగండి. గనుల భద్రత మాత్రం రాష్ట్రం చేతిలో లేదు. అది ధన్‌బాద్‌లో ఉన్న డీజీఎంఎస్ (కేంద్ర గనుల భద్రతా డైరెక్టరేట్) చూస్తుంది, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. సోలార్ పథకాల వివరాలు రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ రెడ్కోను అడగండి. కరెంటు చార్జీల ఉత్తర్వులు ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, వాటికి దరఖాస్తు దండగ.

ఇప్పటికే ఇచ్చిన కాగితం సంగతంటారా, ఆర్టీఐ చట్టం సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో వాళ్లే సరైన ఆఫీసుకు పంపాలి. ఆ ఆఫీసుకు అందాక 30 రోజులు దాటినా జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేసేయండి.