మాస్టారికో ప్రశ్న: జి, డబ్ల్యు, వై అంటే ఏంటి?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి అమెరికాలో, ఒక్లహామాలో ఉంటున్నాడు. తాలెక్వా అనే ఊళ్ళో బోర్డుల ఫోటోలు పంపాడు. ఇంగ్లీషు పేరుతోపాటు ఇంకో వరస ఉంది. అవీ ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉన్నాయి గానీ కూడబలుక్కున్నా మాట రావట్లేదు. ఒక దానిమీద జి, డబ్ల్యు, వై అనుంది. ఇదేం భాష?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మా, అది 'ట్స-ల-గి'. అమెరికాలోని ఆదివాసీ జాతి చెరోకీలు తమ భాషకి పెట్టుకున్న పేరే అది. ఆ లిపిలో డి లాంటిది కనబడితే 'అ' అనాలి. ఆర్ అయితే 'ఎ', హెచ్ అయితే 'మి', ఎమ్ అయితే 'లు'. మొన్న మా మనవరాలి చేత ఈ నాలుగూ రాయించాను. "తాతా, మా టీచర్ చూస్తే సున్నా వేస్తుంది" అని పెన్సిల్ పడేసింది.

ఈ లిపి కట్టినవాడు సీక్వోయా. వెండిపని చేసుకునేవాడు, ఒక కాలు కుంటి. ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్ళ పుస్తకాల్లో చూసిన కొన్ని ఆకారాలు తీసుకున్నాడంతే, వాటి పలుకుబడితో ఆయనకి పనిలేదు. మొదట మాటకో గుర్తు గీశాడు. గుర్తులు గుట్టలు పడ్డాయి, వదిలేశాడు. తర్వాత మాటల్ని విరిచి విన్నాడు. మన తెలుగులాగే ఆ భాషలోనూ పలుకులు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. పొల్లుగా విడి అక్షరం ఉన్నది 'స్' ఒక్కదానికే! అందుకే ఎనభై చిల్లర గుర్తులతో సరిపోయింది. ఇప్పుడు వాడుకలో 85. అయితే మన క, కి, కు చూడగానే ఒకే ఇంటి పిల్లలని తెలుస్తుంది. అక్కడ దేని మొహం దానిదే.

1821 నాటికి పని పూర్తయింది. ఇదేదో చేతబడి అని ఊరు అనుమానించింది. మొదట నేర్చుకున్నది ఆయన చిన్న కూతురు అయోకా. తండ్రి ఒకచోట రాస్తే పిల్ల ఇంకోచోట చదివింది, అప్పుడు నమ్మారు. మన గిడుగు పంతులుగారు సవర నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు, అదెంత పనో మనకి తెలుసు. కానీ ఆయన చదువుకున్నవారు. ఏ బడికీ వెళ్ళని మనిషి లిపి కట్టడం నాకిప్పటికీ మింగుడుపడదు. 1828 ఫిబ్రవరి 21న జార్జియాలోని న్యూ ఎకోటాలో ఆ అక్షరాలతో పత్రికే అచ్చయింది.

మరి జార్జియా వాళ్ళ బోర్డులు ఒక్లహామాలో ఎందుకున్నాయంటారా? 1838లో అమెరికా ప్రభుత్వం సైన్యాన్ని పెట్టి చెరోకీలని వెళ్ళగొట్టింది. సుమారు 16,000 మందిని పడమటికి తోలారు. దారిపొడవునా చలి, జబ్బులు. నాలుగు వేలమంది వరకూ పోయారని అంచనా. మిగిలినవాళ్ళు మూటల్లో ఏం మోశారో గానీ, అక్షరాలు మాత్రం తెచ్చుకున్నారు.

ప్రశ్న: ఆ చెరోకీలకి మనలా గోత్రాలుంటాయా? నేను మా మేనత్త కూతుర్నే చేసుకున్నాను లెండి.
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఉన్నాయి, ఏడు. తోడేలు, జింక, పక్షి వంటి పేర్లు. కానీ బిడ్డకి వచ్చేది తల్లి వంశం. పాతరోజుల్లో పిల్లాణ్ణి దారిలో పెట్టే బాధ్యత మేనమామదే, తండ్రిది కాదు. సొంత వంశంలోనూ, తండ్రి వంశంలోనూ పెళ్ళి నిషిద్ధం. మీ నాన్నగారు, మేనత్తగారు, ఆవిడ కూతురు అంతా ఒకే తల్లి వరస కదా? బొబ్బిలిలో పుట్టారు కాబట్టి సరిపోయింది బాబూ.