బంగారం వెతికే చేతికి నొప్పులు రాకుండా

మెల్‌బోర్న్ నుంచి వారాంతాల్లో విక్టోరియా రాష్ట్రపు బంగారు ఊళ్ళైన డనోలీ, టార్నగుల్లా వైపు వెళ్ళి, నేలలోని లోహాన్ని పసిగట్టి మోగే డిటెక్టర్‌తో బంగారం వెతుకుతున్నాననీ, సాయంత్రమయ్యేసరికి కుడి భుజం, మోచెయ్యి, నడుము పట్టేస్తున్నాయనీ, ఇంతకంటే తేలికైన యంత్రం కొంటే ఈ బాధ తప్పుతుందా అనీ మీరు అడిగారు. ఇప్పుడే కొనకండి. ఉన్న యంత్రాన్ని మీ ఒంటికి తగినట్టు అమర్చుకోకుండా కొత్తది కొంటే, అదే నొప్పిని ఎక్కువ ధర పెట్టి కొనుక్కున్నట్టే అవుతుంది.

యంత్రం తూకం నొప్పికి ఒక కారణమే కానీ ప్రధాన కారణం కాదని నా గట్టి అభిప్రాయం. డిటెక్టర్లు తయారుచేసే మైన్‌ల్యాబ్ వారి జీపీజెడ్ 7000 దాదాపు 3.3 కిలోలు ఉంటుంది. అదే సంస్థ తయారుచేసే జీపీఎక్స్ 6000 బరువు 2.1 కిలోలు, ఈక్వినాక్స్ 800 అయితే 1.34 కిలోలే. ఆ 3.3 కిలోల దానిని డెబ్బై దాటిన పెద్దవారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నింపాదిగా తిప్పుతూ ఉండడం నేను చూశాను, ఈక్వినాక్స్ పట్టుకున్న కుర్రవాళ్ళు మధ్యాహ్నానికే భుజం నొక్కుకుంటూ చెట్టుకింద కూలబడడమూ చూశాను. నిండు బిందెను చంకనెత్తుకుని చెరువు నుంచి ఇంటిదాకా నడిచే మనిషి అదే బిందెను చాచిన చేతితో పది అడుగులు కూడా మోయలేదు. డిటెక్టర్ విషయంలోనూ ఎంత బరువన్నది కాక, ఆ బరువు ఒంటికి ఎంత దూరాన వేలాడుతోందన్నదే లెక్కలోకి వస్తుంది. దానికి తోడు, ప్రతి ఊపు చివరా కాయిల్‌ను, అంటే యంత్రం కింది చివర నేల మీదుగా తిప్పే పళ్ళెం లాంటి భాగాన్ని, ఆపి, వెనక్కు మళ్ళించాలి. ఆ ఆపే పని, మళ్ళించే పని చాలావరకు భుజం కీలు చుట్టూ ఉండే చిన్న కండరాల మీద పడుతుంది కనుక, ఊపు ఎంత వెడల్పుగా, ఎంత వేగంగా ఉంటే ఆ కండరాలు అంత త్వరగా అలిసిపోతాయి.

కిందటి శీతాకాలంలో, రాజుగారి పుట్టినరోజు సెలవు కలిసివచ్చిన జూన్ వారాంతంలో, మా బావమరిదిని వెంటబెట్టుకుని మోలియాగుల్ దగ్గరి అడవికి వెళ్ళాను. 1869లో జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి వెల్‌కమ్ స్ట్రేంజర్ అనే పెద్ద బంగారు ముద్ద దొరికిన ఊరు అది. అక్కడికి ఎంతో దూరం లేని కింగోవర్‌లో 1980లో హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అనే 27.2 కిలోల బంగారు ముద్ద డిటెక్టర్‌కే చిక్కింది. దారి పొడవునా ఈ కథలే చెప్పుకుంటూ వెళ్ళాం కనుక, కారు ఆగీ ఆగగానే మావాడు యంత్రం బిగించుకుని ఐరన్‌బార్క్ చెట్ల మధ్యకు వెళ్ళిపోయాడు. అతనిది ఎవరి దగ్గరో కొన్న పాత జీపీఎక్స్ 5000 డిటెక్టర్. దానికి వచ్చే పదకొండు అంగుళాల కాయిల్ తీసేసి, లోతుగా పట్టుకుంటుందని ఎవరో చెప్పగా పద్దెనిమిది అంగుళాల కాయిల్ తగిలించాడు. యంత్రం బరువును ఒంటికి వేలాడదీసే పట్టీల హార్నెస్ కట్టుకోమంటే, "అది ముసలివాళ్ళకు బావా" అని డిక్కీలోనే వదిలేసి, బ్యాటరీని మాత్రం నడుముకున్న సంచిలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి రెండు చేతులతో పట్టుకుని తిప్పుతున్నాడు. చీకటి పడ్డాక టెంటు దగ్గర ఫ్లాస్కు మూత తిప్పబోయి, తిప్పలేక, దానిని నా చేతికిచ్చి, "బావా, చెయ్యి నాది కాదన్నట్టుంది" అన్నాడు.

మర్నాడు పొద్దున అతనిని ఒక చదునైన చోట నిలబెట్టి, నిన్న ఎలా తిప్పావో అలాగే తిప్పి చూపించమన్నాను. కాయిల్ అతని పాదాలకు చాలా ముందున ఉంది. దానిని అందుకోవడానికి మనిషి నడుము దగ్గర వంగి ఉన్నాడు. మోచెయ్యి పక్కటెముకలకు దూరంగా గాలిలో ఉంది. ఊపు ఎడమ చివరకూ కుడి చివరకూ చేరేసరికి కాయిల్ నేల నుంచి జానెడు పైకి లేస్తోంది. కాయిల్‌ను పట్టి ఉంచే కడ్డీని, అదే షాఫ్ట్‌ను, ఇంత పొడుగ్గా ఎందుకు లాగావని అడిగితే, దగ్గరగా పెడితే ఊరికే మోగుతోందన్నాడు. కిందికి చూస్తే అతని కాళ్ళకు వేళ్ళ దగ్గర ఉక్కు తొడుగు ఉన్న పని బూట్లు ఉన్నాయి. కాయిల్ పాదం దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆ ఉక్కే మోగుతోంది, అది మోగకుండా ఉండాలని అతను షాఫ్ట్ లాగాడు, షాఫ్ట్ పొడుగైనందువల్ల వంగాడు, వంగినందువల్ల నడుమూ భుజమూ రెండూ పట్టేశాయి. అతని నొప్పికి మూలం భుజంలో లేదు, బూట్లలో ఉంది. మీరు ఏమి వేసుకుని వెళ్తున్నారో మీ ప్రశ్నలో రాయలేదు. ముందుగా అది చూసుకోండి. ఉక్కు లేని తోలు బూట్లు గానీ, మామూలు నడక బూట్లు గానీ చాలు. జేబులోని తాళాలు, నడుముకు తగిలించిన పికాసు కాయిల్‌కు దగ్గరగా రాకుండా వెనక్కు జరుపుకోవడం కూడా ఇందులో భాగమే.

అతని చేత ఆ బూట్లు మార్పించి, షాఫ్ట్‌ను నాలుగు వేళ్ళ మేర లోపలికి తోయించాను. వీపు నిటారుగా ఉంచి, చెయ్యి వదులుగా వేలాడేసి, మోచెయ్యి కొంచెం మాత్రమే వంచినప్పుడు కాయిల్ నేలకు వేలెడు ఎత్తున, అడుగు వేస్తే పాదానికి తగలనంత దూరంలో ఉండాలి. అదే సరైన పొడవు. ముంజేయి ఆనే ఊతం మోచేతికి కాస్త ముందుకు వచ్చేలా జరిపి పట్టీ బిగించాను. పద్దెనిమిది అంగుళాల కాయిల్ తీయించి పాతదే పెట్టించాను. చివరగా హార్నెస్ కట్టి, నడుము పట్టీని తుంటి ఎముకల మీద బిగించి, భుజాల పట్టీలను కొంచెం వదులు చేసి, హార్నెస్ నుంచి యంత్రాన్ని వేలాడదీసే సాగే బంజీ తాడును చెయ్యి పూర్తిగా తీసేసినా కాయిల్ తనంతట తాను నేలకు కొద్ది ఎత్తున తేలుతూ ఉండేంతవరకు సరిచేశాను. ఆ స్థితిలో బరువు తుంటి మీదికి దిగుతుంది, చేతికి దారి చూపే పని మాత్రమే మిగులుతుంది. ఊపును ఒక మీటరుకు కుదించి, చెయ్యి కాక నడుము పైభాగమంతా కొద్దిగా తిరిగేలా అడుగుతో కలిపి ఊపమన్నాను. ఆ రోజంతా అతను తిప్పాడు, భుజం గురించి మళ్ళీ ఎత్తలేదు. అంతకుముందు రోజు ఏమీ లేదని వదిలేసిన వాగు గట్టునే, సాయంకాలం, అర గ్రాముకు అటూ ఇటూగా ఉన్న బంగారు రేణువు దొరికింది. ఊపు చివర కాయిల్ లేచిన ప్రతిసారీ అంత లోతు వినికిడి పోతుంది కనుక, నొప్పి పుట్టించే ఊపు బంగారాన్ని కూడా వదిలేస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కరలేదు.

మీ మోచేతి నొప్పి విషయానికి వస్తే, అది పిడికిలి వల్ల వస్తున్నదని నేను అనుకుంటున్నాను. ఎడమ చేతి వేళ్ళను కుడి ముంజేతి పైభాగాన, మోచేతికి రెండంగుళాల కిందుగా ఆనించి, కుడి పిడికిలి గట్టిగా బిగించి చూడండి. వేళ్ళ కింద కండ రాయిలా లేస్తుంది. వస్తువును పట్టేది అరచేతి వైపు కండరాలే అయినా, మణికట్టు ముందుకు వాలిపోకుండా నిలబెట్టేవి ఈ వెనుక కండరాలు. అవి మోచేతి బయటి ఎముకకు అతుక్కునే చోటే నొప్పి మొదలవుతుంది. టెన్నిస్ ఎల్బో అని పేరు పడినా, దానితో బాధపడేవారిలో ఎక్కువమంది టెన్నిస్ ఆడినవారు కారు. హ్యాండిల్‌ను జారిపోకుండా ఉండేంత మాత్రమే పట్టుకోండి, మణికట్టును ముంజేతికి తిన్నగా ఉంచండి, హెడ్‌ఫోన్లలో సన్నని శబ్దం వినపడగానే పట్టు దానంతటదే బిగుసుకుంటుంది కనుక ఆ క్షణాన వేళ్ళు సడలించడం అలవాటు చేసుకోండి. ఇంట్లో వారానికి మూడు నాలుగు సార్లు ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి నేల వైపు ఉండేలా చెయ్యిని బల్ల అంచు దాటించి, కిలో బరువును రెండో చేతి సాయంతో పైకెత్తి, ఐదు లెక్కపెడుతూ మెల్లగా దించే వ్యాయామం చేస్తే ఆ కండరాలు గట్టిపడతాయి.

నడుముకు అసలు శత్రువు తవ్వకం. రోజు మొత్తం మీద మోగినవాటిలో ఎక్కువ భాగం తుపాకీ సీసపు గుళ్ళు, బూటు మేకులు, సీసా మూతలే ఉంటాయి, కానీ తవ్వి చూస్తే తప్ప అవేమిటో తెలియదు. అందుకే బంగారం ఎంత దొరికిందన్న దానితో సంబంధం లేకుండా నడుము మాత్రం ప్రతి మోతకూ మూల్యం చెల్లిస్తుంది. నిలబడి వంగి తవ్వకండి. ఒక మోకాలు నేలకు ఆనించి, దాని కింద మందపాటి ప్యాడ్ వేసుకుని, గుంటకు ఎదురుగా కూర్చుని, చిన్న పికాసుతో మట్టిని మీ వైపు లాక్కోండి. మోకాళ్ళను గుంటకొకసారి మార్చండి. పికాసు తలకు ఒక అయస్కాంతం అతికించి ఉంచితే మేకులు, ఇనుప ముక్కలు దానికే అంటుకుని వచ్చేస్తాయి, వెతికే సమయం బాగా తగ్గుతుంది. మోగే వస్తువు మట్టితోపాటు బయటికి వచ్చాక, యంత్రాన్ని ఎత్తి మట్టికుప్ప మీద పదే పదే ఊపడం చాలామంది చేసే పని, భుజానికి అంతకంటే హాని మరొకటి లేదు. కాయిల్‌ను నేల మీద పడుకోబెట్టి, మట్టిని ప్లాస్టిక్ స్కూప్‌లోకి తీసుకుని స్కూప్‌నే కాయిల్ మీదుగా నడపండి. మోగితే సగం పారబోసి మళ్ళీ నడపండి. గుప్పెడు మట్టి బరువెంత, యంత్రం బరువెంత!

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. విక్టోరియాలో బంగారం వెతకడానికి ఇచ్చే మైనర్స్ రైట్ అనే అనుమతి తీసుకున్న ప్రతి ఒక్కరూ తాము తవ్విన గుంటను తామే పూడ్చాలన్నది నిబంధన. అయినా టార్నగుల్లా చుట్టుపక్కల ఎండుటాకులు కప్పేసిన పాత గుంటలు అడుగడుగునా ఉన్నాయి. చూపంతా కాయిల్ మీద, ధ్యాసంతా చెవుల్లో పెట్టుకుని నడిచే మనిషి అందులో కాలు వేస్తే చీలమండ మెలికపడుతుంది, నడుము కలుక్కుమంటుంది. పది సెకన్లలో బూటు అంచుతో మట్టి నెట్టేయగలిగిన పనిని చేయకుండా పోయేవారి మీద నాకు నిజంగా కోపం వస్తుంది. చీలమండను పట్టి ఉంచే ఎత్తు బూట్లు వేసుకోమని నేను అందరికీ చెప్పడానికి సగం కారణం వీళ్ళే.

విరామం విషయంలో వీడియోలు చేసేవారు జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నారు. పన్నెండు గంటలు ఆగకుండా తిప్పామని గర్వంగా చెబుతారు, మర్నాడు మంచం మీద ఎలా పడుకున్నారో చూపించరు. అరగంటకొకసారి యంత్రం దించి, భుజాలు వెనక్కు తిప్పి, రెండు గుక్కల నీళ్ళు తాగండి. వీలైతే ఎడమ చేతితో కూడా ఊపడం నేర్చుకోండి. మొదట ఎబ్బెట్టుగా ఉంటుంది, కొద్ది వారాల్లో అలవాటవుతుంది. సీజన్ మొదట్లో పూర్తి రోజు కాక సగం రోజుతో సరిపెట్టుకోండి.

అలవాటు లేని పని చేసినందుకు మర్నాడో ఆ మర్నాడో కండలు సలిపి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే భయపడనక్కరలేదు. ఊపేటప్పుడే చురుక్కుమనడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేకపోవడం, చెయ్యి తల పైకి లేవకపోవడం వంటివి ఉంటే మాత్రం డిటెక్టర్ పక్కన పెట్టి ఫిజియోథెరపిస్టును కలవండి. ఆస్ట్రేలియాలో అందుకు డాక్టరు చీటీ కూడా అవసరం లేదు. బయలుదేరే ముందే నొప్పి మాత్ర వేసుకోవడం మనవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటు. ఆపమని చెప్పే నొప్పినే నొక్కేసి ఇంకా నాలుగు గంటలు ఊపితే, రెండు రోజుల్లో పోయేది రెండు నెలలు వెంటాడుతుంది.

ఇవన్నీ సరిచేసుకుని, రెండు మూడు వారాంతాలు గడిచాక కూడా భుజం ఒప్పుకోకపోతే, అప్పుడు తేలికైన యంత్రం గురించి ఆలోచించండి. కొనే ముందు దుకాణంలో తూకం కాగితం చదివి ఊరుకోకుండా, మీరు వాడబోయే కాయిలే తగిలించమని అడిగి, మీ సొంత హార్నెస్ కట్టుకుని, పావుగంటసేపు నేల మీద ఊపి చూడండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి.