కౌన్సెలింగ్ ఇచ్చే వ్యక్తితోనే సంబంధం... తప్పు నాదేనా?

ప్రశ్న: నా వయసు 32. మాది కావలి. విడాకుల తర్వాత నిద్ర పట్టక, టెన్షన్ ఎక్కువై నెల్లూరులో ఒక సైకాలజిస్ట్ దగ్గర కౌన్సెలింగ్‌కి వెళ్లాను. కొన్నాళ్లకు ఆయనంటే ఇష్టం కలిగింది. ఆ మాట నేనే ముందు చెప్పాను. ఆయన ఫీజు తీసుకోవడం మానేశారు. రిసెప్షన్ అమ్మాయి వెళ్లిపోయాక రమ్మనేవారు. అలా శారీరక సంబంధం దాకా వెళ్లింది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. మళ్లీ నిద్ర లేదు, గుండె దడ. ఒక్కోసారి బతకడం ఎందుకు అనిపిస్తోంది. తప్పు నాదే కదా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. ఆ సంగతికి తర్వాత వద్దాం. బతకడం ఎందుకు అన్నారే, ముందు దాని గురించి. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకండి. అమ్మకో అక్కకో ‘మనసు బాగోలేదు, నా దగ్గర ఉండు’ అని చెప్పండి, కారణం చెప్పక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మన బాధంతా ఓపిగ్గా వినే మనిషి మీద ఇష్టం పుట్టడం కౌన్సెలింగ్‌లో తరచూ జరిగేదే. ట్రాన్స్‌ఫరెన్స్ అంటాం. పేషెంట్ ప్రేమను వైద్యుడు సొంతానికి వాడుకోకూడదని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1915లోనే రాశారు. మీరు ఇష్టమని చెప్పినప్పుడు ఆయన దాని గురించి మీతో మర్యాదగా మాట్లాడాలి, లేదా మిమ్మల్ని ఇంకొకరి దగ్గరకు పంపాలి. అందులో ట్రైనింగ్ తీసుకున్నది ఆయన, మీరు కాదు. మీ కాపురం సంగతులు, భయాలు అన్నీ ఆయనకు తెలుసు. ఆయన గురించి మీకేం తెలుసు? ‘ఇద్దరూ పెద్దవాళ్లే కదా’ అనే వాదన ఇక్కడ చెల్లదు. ఫీజు వద్దనడం, టైమ్ మార్చడం లాంటి చిన్న చిన్న సడలింపులతోనే ఇది మొదలవుతుంది. ఫీజు తీసుకోని మనిషికి ‘కాదు’ అని చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుంది.

నష్టం అంటారా, మీరు వెళ్లిన సమస్య అలాగే ఉంది, దాని మీద ఇంకొకటి చేరింది. పొద్దున ఆయన మీద కోపం, సాయంత్రం ఆయన ఫోన్ కోసం ఎదురుచూపు, రాత్రి నామీద నాకే అసహ్యం... ఇలాంటి అనుభవం ఎదురైన వాళ్లలో ఇవన్నీ కలిసే ఉంటాయి. ఇంకే డాక్టర్నీ నమ్మలేకపోవడం వీటన్నిటికన్నా పెద్ద నష్టం.

అయినా వెళ్లాలి. నెల్లూరులో తెలిసినవాళ్లు చూస్తారనిపిస్తే ఒంగోలు ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగానికి వెళ్లండి. లేడీ డాక్టర్ కావాలని అడగడంలో తప్పు లేదు. ‘ఇంతకుముందు కౌన్సెలింగ్‌లో చేదు అనుభవం ఎదురైంది’ అంటే మొదటి రోజుకి అది చాలు.

ఫిర్యాదు మీ ఇష్టం, తొందరేం లేదు. మెసేజ్‌లు మాత్రం చెరిపేయకండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిజిస్ట్రేషన్ ఇచ్చే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌కి రాయొచ్చు. నమ్మకంతో కూడిన స్థానాన్ని దుర్వినియోగం చేసి స్త్రీని లొంగదీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 68వ సెక్షన్ కింద 5 నుంచి 10 ఏళ్ల జైలు ఉంది. మీ విషయంలో అది వర్తిస్తుందో లేదో లాయర్ చెప్పాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆ సాయం ఉచితం.

నిద్ర మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, డోసు పెంచొద్దు. పాత చీటీలు కొత్త డాక్టర్‌కి చూపించండి.