మ్యూజియం వార్షికోత్సవానికి జనం జ్ఞాపకాలు ఎలా రాబట్టాలి?

మీ ఆర్ట్ మ్యూజియం వార్షికోత్సవానికి సందర్శకుల జ్ఞాపకాలతో ఒక ప్రదర్శన పెడదామనుకుంటే, ఎవర్ని కదిపినా "చాలా బాగుండేదండీ" అని ఊరుకుంటున్నారని రాశారు. ఇలాంటి పనికే ఒక మ్యూజియంలో వాలంటీరుగా చేశాను కాబట్టి చెబుతున్నాను: బొమ్మల గురించి అడగకండి.

"మీకు నచ్చిన చిత్రం ఏది?" అనగానే మనిషికి టెన్షన్ మొదలవుతుంది. పేరు తప్పు చెబుతానేమో, నవ్వుతారేమో అని. ఎవరితో వచ్చారు, ఎక్కడ కూర్చునేవారు, ఎవరైనా కసిరారా అని అడగండి. పాత ఫొటోలు ఉంటే ఇంకా మంచిది. మాతో ముక్తసరిగా మాట్లాడుతున్న ఒక పెద్దావిడ, గ్యాలరీ ఫొటో చేతికివ్వగానే మూలనున్న బెంచీ మీద వేలు పెట్టి, "మావాడికి ఇక్కడే పాలు పట్టేదాన్ని, ఎదురుగా గుర్రం బొమ్మ ఉండేది" అన్నారు. ఆ గుర్రం ఎప్పుడో స్టోర్ రూముకి వెళ్లిపోయింది. ఒకప్పుడు ఏ గోడకి ఉండేదో సిబ్బందిలో ఒక్కరికీ తెలియదు. ఆవిడ చెప్పాకే తెలిసింది.

చిత్రాలు లేకపోయినా జ్ఞాపకాలు ఉంటాయి. లండన్‌లోని నేషనల్ గ్యాలరీనే తీసుకోండి. 1824లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తుండగానే చిత్రాలన్నీ ఊరు దాటించారు, 1941 నుంచి వేల్స్‌లోని మానోడ్ పలకరాయి గనిలో దాచారు. బోసిపోయిన ఆ హాళ్లలో పియానో విద్వాంసురాలు మైరా హెస్ 1939 అక్టోబరులో మధ్యాహ్నం కచేరీలు మొదలుపెట్టారు. యుద్ధం ముగిశాక కూడా, 1946 దాకా నడిచాయి. 1942 నుంచి నెలకొక్క చిత్రాన్ని మాత్రం వెనక్కి తెచ్చి చూపించేవారు. ఇప్పటికీ ఆ మ్యూజియం గురించి జనం చెప్పుకునే కథల్లో ఇదొకటి.

ఇంకోటి, రిటైరైన గార్డుల్ని వెతికి పట్టుకోండి. క్యూరేటర్ల మాట కేటలాగుల్లో ఎలాగూ ఉంటుంది. ఏ ఫ్రేము అంచు పిల్లల చేతులు తగిలి పాలిష్ పోయిందో, ఏ గదిలో వానకి బకెట్ పెట్టేవారో చెప్పగలిగేది వీళ్లే.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే రికార్డులతో సరిచూడండి. తేలకపోతే రెండూ పక్కపక్కనే పెట్టేయండి, చూసేవాళ్లకి అదే సరదా. పేరు వేయొచ్చా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్లిచ్చిన ఫొటోలు వాళ్ల ముందే స్కాన్ చేసి వెంటనే ఇచ్చేయండి, లేకపోతే రెండోసారి ఎవరూ ఇవ్వరు.

పొగడ్తలే ఏరుకోకండి. "ఆ మెట్లెక్కాలంటేనే భయం, అది పెద్దోళ్ల చోటు అనుకునేవాళ్లం" అన్నవాళ్లు మాకు ఒకరిద్దరు కాదు. కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అది తీసేద్దాం అంటారు. ఒప్పుకోకండి, మొదటి గదిలోనే పెట్టించండి.