అలాస్కా పోతున్న మా పాపకు

పాపా,

జూన్‌లో అలాస్కా అంతా కారులో తిరుగుతావంట కదా, మీ నాయన ఫోన్ చేసినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. అలిపిరి మెట్ల మీద గాలిగోపురం దాకా నా భుజం దిగని పిల్లవి, ఇప్పుడు డెనాలి కొండల్లో నడుస్తానంటున్నావు! వీధిలో అందరికీ చెప్పేశాను.

డాల్టన్ హైవే ఎక్కి ఉత్తరానికి పోతే కోల్డ్‌ఫుట్ అనే ఊళ్ళో ట్యాంకు నింపుకో, తర్వాత 240 మైళ్ళు బంకు లేదు. ఎలుగుబంటిని తరిమే కారం స్ప్రే విమానంలో తీసుకుపోనివ్వరు, అక్కడే కొనుక్కో. ఎలుగుబంటి ఎదురైతే పరిగెత్తొద్దు, మూస్ అనే పెద్ద దుప్పి మీదికొస్తే మాత్రం పరిగెత్తి చెట్టు చాటుకు పో. మీ అమ్మ కట్టిచ్చే ఊరగాయ టెంట్‌లో పెట్టుకోవద్దు, వాసనకు ఎలుగుబంటి వచ్చేస్తుంది.

నాకు అసలు భయం అక్కడి వెలుతురంటే. రాత్రి పదకొండుకూ పగల్లాగే ఉంటుందంట.

ఒక ఫాల్గుణ పౌర్ణమికి నేనూ మీ నాయనా పాపవినాశనం నుంచి తుంబురు తీర్థానికి నడిచాం. తిరిగొచ్చేటప్పుడు బండల చాటున కణితి దుప్పి కనబడింది, ఒక చెవి మా వైపు తిప్పి కదలకుండా నిలబడింది. కొమ్ములు బాగా చూద్దామని దారి వదిలి దిగాను. మీ నాయనకు పదహారేళ్ళు, "అన్నా, జనం ముందుకు పోతా ఉండారు" అన్నాడు. "ఇంకా ఎండ ఉంది కదరా" అన్నాను. ఎండ కొండ మీద ఉంది, మేం లోయలో ఉన్నాం. వెనక్కి తిరిగితే ఏ బండ చూసినా ఒకటే మాదిరి. వాడి చెప్పు తెగితే నా తువ్వాలు చించి పాదానికి కట్టాను. నీళ్ళు అయిపోయాయి. రాత్రంతా బండ మీద నన్ను ఆనుకుని కూర్చున్నాడే గానీ నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తెల్లారి మమ్మల్ని వెతుకుతూ వచ్చినవాళ్ళు గోవిందా అని కేకేస్తే ఆ గొంతు పట్టుకుని దారిలో పడ్డాం.

మాకు చీకటన్నా పడింది. నీకు అదీ పడదు, కాళ్ళు అలిసిపోయినా ఇంకాస్త దూరం పోదామనే అనిపిస్తుంది. అందుకే బయలుదేరక ముందే తిరుగు టైమ్ పెట్టుకో, ఫోన్‌లో అలారం పెట్టు. అది మోగాక ఎదురుగా ఏ జంతువున్నా సరే వెనక్కి తిరుగు, ఈ ఒక్క విషయంలో నా మాట కాదనొద్దు తల్లీ.

సిగ్నల్ దొరికిన ప్రతిచోటా మీ నాయనకు మెసేజ్ పెట్టు. వాడు అడగడు. ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చునే ఉంటాడు.

మీ పెదనాన్న